తేలే ప్రకటనలపై నిబంధనలు అమలు చేయించండి

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అధికారులకు,

కొన్ని తెలుగు వార్తల సైట్లలో చదువుతున్న వాక్యం మీదే బ్యానర్ ప్రకటన తేలుతోంది, పేజీ జరిపినా వదలదు. దాని మూలన మూసే గుర్తు ఆవగింజంత. నొక్కబోతే వేలు ప్రకటనకే తగిలి కొత్త పేజీ తెరుచుకుంటుంది. స్క్రీన్‌కు అతుక్కునే ప్రకటనలన్నీ తప్పని అనను. సైట్లకు ప్రకటనలు అందించే యాడ్ నెట్‌వర్క్ గూగుల్ యాడ్‌సెన్సే అంచున నిలిచే యాంకర్ ప్రకటనలు ఇస్తోంది. కానీ పొరపాటున క్లిక్ పడేలా ప్రకటన పెట్టకూడదన్నదీ దాని నిబంధనే. మొబైల్ స్క్రీన్‌లో 30 శాతానికి మించి ఆక్రమించే స్టికీ (అతుక్కునే) ప్రకటన తగదని ప్రకటనల రంగ కూటమి కోయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ ప్రమాణం చెబుతోంది. మూసే గుర్తు నొక్కితే మరో ప్రకటన తెరుచుకోవడాన్ని డార్క్ ప్యాటర్న్‌గా, అంటే వినియోగదారును తప్పుదోవ పట్టించే డిజైన్‌గా చూపినవి 2023లో మీరు తెచ్చిన మార్గదర్శకాలే. లోపం నిబంధనల్లో లేదు, అమలులో ఉంది.

ప్రకటనలు లేకుండా ఉచిత వార్తలు ఎలా ఇస్తామని సైట్లు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. అయితే పొరపాటు క్లిక్కుకు డబ్బు కట్టేది ప్రకటనదారు, మొబైల్ డేటా పోగొట్టుకునేది పాఠకుడు. అడ్డుపడి రాబట్టిన ఆ ఆదాయాన్ని వార్తల పేరుతో సమర్థించలేం. అందుకే భారతీయ భాషల సైట్లను యాడ్ నెట్‌వర్కులు మామూలు ఫోన్లలో తెరిచి తనిఖీ చేయాలని, మూసే గుర్తు తొలిసారి నొక్కగానే పనిచేయాలని, తెలుగులో ఫిర్యాదు చేసే లింకు ప్రకటన మీదే ఉండాలని ఆదేశించండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు