ముఖం మాది, వేలం మీది

విశాఖపట్నంలో రంజాన్ పండగ పొద్దున ఈద్గా దగ్గరికి కెమెరాలొస్తాయి. వరసగా వంగిన వీపులు, తెల్ల టోపీలు, కౌగిలించుకున్న ఇద్దరు పిల్లలు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో కింద ఒకటే మాట: 'ప్రార్థనలు చేస్తున్న ముస్లిం సోదరులు'. పేర్లుండవు. ఆ మాట రాసింది పరాయివాళ్ళేనని మేం తప్పించుకోలేం. పత్రికల్లో పనిచేసే మాలాంటివాళ్ళమూ రాశాం. మా వీధివాడి ఫోటో కింద, అతని పేరు తెలిసి కూడా, అదే రాశాం.

మా ఓడరేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరుడి గుడి. మూడింటినీ చూపించి మతసామరస్యం అంటారు. మంచిదే. కానీ దర్గా మెట్ల కింద బతికే మనుషులు ఆ ఫోటోలో పట్టరు. రేవులో బరువులు మోసేవాడు, ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద వెల్డింగ్ చేసేవాడు, పంక్చర్లు వేసేవాడు, ఇంట్లో మిషను కుట్టే ఆడమనిషి. వీళ్ళ ఫోటోలకు గిరాకీ లేదు.

మరి గిరాకీ దేనికుంది? ఫోటోలు కళాఖండాలుగా అమ్ముడుపోయే వేలంపాటల్లో రెండే రకాల ముసల్మానులు కనిపిస్తారు. ఒకడు నవాబు, ఇంకొకడు బాధితుడు.

నవాబు సంగతి హైదరాబాదు నుంచి మొదలుపెడదాం. రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు. 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందినవాడు. గొప్ప పనివాడు, అందులో మాకు పేచీ లేదు. ఆయన గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. పాత ప్రింట్లు, ఆల్బమ్‌లు దేశదేశాల వేలంశాలల్లో చేతులు మారుతూ వచ్చాయి. దర్బార్లు, వేట శిబిరాలు, మహళ్ళు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ పేర్లు చరిత్రకు తెలుసు. వెనక నిలబడ్డ నౌకరు పేరు తెలీదు. ఆ వెనక నిలబడ్డవాడే మా తాత. అయినా ఆ ఫోటోలే చూపించి 'మీరు మమ్మల్ని ఏలినవాళ్ళు' అని మాతో అంటారు!

ఇక బాధితుడు. పాకిస్తాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో 1984లో స్టీవ్ మెకర్రీ ఒక అఫ్ఘాన్ పిల్ల ఫోటో తీశాడు. 1985 జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ అట్టమీదికెక్కింది. ఆ ఆకుపచ్చ కళ్ళు లోకమంతా తిరిగాయి. ఆమె పేరు షర్బత్ గులా అని లోకానికి 2002లో గానీ తెలియలేదు. 2012 డిసెంబరులో ఆ ఫోటో పెద్ద ప్రింటు ఒకటి న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 1,78,900 డాలర్లు పలికింది. 2016లో తప్పుడు గుర్తింపు కార్డు కేసులో ఆమెను పెషావర్‌లో జైల్లో పెట్టి, తర్వాత దేశం దాటించారు. లోకమంతా గుర్తుపట్టే ముఖం, చేతిలో చెల్లే కార్డు లేదు! మనిషి దొరికాక పత్రికవాళ్ళు వైద్యం చేయించారు, హజ్‌కు పంపారు. అది దయ. మేం మాట్లాడుతున్నది హక్కు గురించి.

వేలంలో ఫోటోకు ధర ఎలా కడతారో చూడండి. తీసిన రోజుల్లోనే వేసిన ప్రింటైతే ఎక్కువ. సంతకముంటే ఇంకా ఎక్కువ. ఇన్నే ప్రింట్లు వేశామని లెక్క కట్టి నంబరు వేస్తే మరీ ఎక్కువ. అది ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో వంశవృక్షంలా రాస్తారు. కొన్నవాడి పేరు, అమ్మినవాడి పేరు, ఫలానా దొరగారి సేకరణ. అన్ని పేర్లలో ఫోటోలోని మనిషి పేరే చాలాసార్లు ఉండదు. పేదవాడు, అందులోనూ సాయిబైతే, 'ముస్లిం వృద్ధుడు', 'బురఖాలో స్త్రీ'. అదే పేరు.

చట్టం ఏమంటోంది? మన 1957 కాపీరైటు చట్టంలో 53ఎ అని ఒక సెక్షనుంది. అసలు పెయింటింగో శిల్పమో పదివేల రూపాయలు మించి తిరిగి అమ్ముడైతే కళాకారుడికి పది శాతం దాకా వాటా రావచ్చు. ఆ జాబితాలో ఫోటో లేదు. తీసినవాడికే దిక్కులేని చోట, ఫోటోలో ఉన్నవాడి సంగతి ఎవరికి తడుతుంది?

'ఫోటో లేకపోతే మీ బాధ లోకానికి తెలిసేదా?' అని మా సెక్యులర్ మిత్రులు అడుగుతారు. నిజం. 2002లో గుజరాత్‌లో అర్కో దత్తా తీసిన ఫోటో లేకపోతే, చేతులు జోడించి కన్నీళ్ళతో ప్రాణభిక్ష అడిగిన కుతుబుద్దీన్ అన్సారీ ముఖం మనకు తెలిసేది కాదు. కానీ ఆ ముఖం వల్లే తనకు పని దొరకకుండా పోయిందని అన్సారీయే చెప్పుకున్నాడు. అడక్కుండానే రాజకీయ పోస్టర్లకెక్కాడు. దర్జీగా బతకాలనుకున్న మనిషిని గుర్తుగా మార్చేశారు. సాక్ష్యం కావాలి, కాదనం. సాక్ష్యమిచ్చినవాడి బతుకు ఎవరికీ పట్టకపోవడమే అన్యాయం.

మా తప్పూ ఉంది. తస్వీర్ హరామా హలాలా అని తగువులాడుకుంటూ కూర్చున్నాం. పాస్‌పోర్టుకు, రేషన్ కార్డుకు ఫోటో దిగుతూనే ఇంట్లో ఆల్బమ్ లేకుండా చేసుకున్నాం. మొహల్లా స్టూడియోలు మూతపడితే నెగటివులు పాత సామాన్లలోకి పోతున్నా చూస్తూ ఊరుకున్నాం. మా నికాలు, మా యూనియన్ సభలు, మా బడిపిల్లలు అందులోనే పోయారు. మా చరిత్రను మేం తూకానికి అమ్ముకుని, ఇంకొకడు వేలం వేశాడని ఏడిస్తే ఏం లాభం?

ఇక ఏడవం. ట్రంకు పెట్టెలు దించుతాం. ప్రతి ఫోటో వెనకా పేరు, ఊరు, పని రాస్తాం. మ్యూజియంలను, వేలంశాలలను పేర్లు వెతికి రాయమని అడుగుతాం. 53ఎలో ఫోటోను చేర్చమని, దాన్లో ఉన్న మనిషికీ వాటా పెట్టమని అడుగుతాం.

వచ్చే రంజాన్‌కు ఈద్గాకు రండి. కెమెరాలు తెచ్చుకోండి. ఫోటో తీసేముందు పేరడగండి. చెబుతాం.