గుంత లెక్క చాలు, తడి లెక్క చెప్పండి

తొలకరి పడగానే ఉమ్మడి అనంతపురం జిల్లాలో మామిడి, చీనీ మొక్కలు నాటే పని ఊపందుకుంటుంది. గుంతలు తవ్విస్తారు, అంటు మొక్కలు దింపుతారు, ఫొటోలు తీస్తారు, ఎన్ని ఎకరాల్లో నాటారో ప్రకటిస్తారు. మరుసటి మే నెలాఖరుకు వాటిలో ఎన్ని బతికున్నాయో అంత గట్టిగా చెప్పేవారు ఉండరు. ఈ పద్ధతి మారాలి. నాటిన మొక్కను కాదు, మూడో వేసవి దాటిన మొక్కనే లెక్కలోకి తీసుకోవాలి. ఆ మూడు వేసవులూ తడి పెట్టే ఖర్చు ప్రభుత్వానిదే కావాలి. ఆ సొమ్ము ఎండలు ముదరకముందే రైతు చేతికి రావాలి.

జిల్లా సగటు వానపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపు. అందులో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యే పడుతుంది. ఆ తరవాత మిగిలేది ఏడు నెలల ఎండు కాలం. పెద్ద చెట్టు దానికి తట్టుకుంటుంది. చీనీ రైతులు పూత కోసం కాపు తోటకు కావాలనే నీళ్లు ఆపి బెట్ట పెడతారు, చెట్టు మళ్లీ లేస్తుంది. నిరుడు నాటిన మొక్కకు ఆ శక్తి లేదు. నర్సరీ సంచిలో పెరిగిన వేర్లు నాటిన తరవాత కూడా చాలాకాలం ఆ సంచి మట్టిగడ్డలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న ఎర్రనేలలో అడుగు లోతున చెమ్మ ఉన్నా వాటికి అందదు. పైగా ఆ గడ్డే అన్నిటికన్నా ముందు ఎండుతుంది. అందుకే పాదు చూస్తే తడిగా, మొక్క చూస్తే వాడిపోయి కనిపిస్తుంది. మొదటి ఏడాది నీళ్లు పాదు అంచున కాదు, మొదలుకు జానెడు దూరంలో, ఆ గడ్డ నానేలా పడాలి.

ఇక్కడే మన యంత్రాంగం రెండో తప్పు చేస్తోంది. ఆకులు ముడుచుకుని, అంచులు మాడి రాలిపోతే మొక్క చచ్చిందని రాసేసి, వానాకాలంలో పీకి కొత్తది పెట్టిస్తారు. ఆకు రాలడం చాలాసార్లు చావు కాదు, మిగిలిన నీటిని కాపాడుకోవడానికి మొక్క చేసే చివరి ప్రయత్నం. కాండం మీద బెరడును గోటితో కొంచెం గీకి చూస్తే తెలిసిపోతుంది. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొమ్మ చివర ఎండినా కిందికి వచ్చేకొద్దీ పచ్చదనం దొరకవచ్చు. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఏ మొక్కనూ పీకించకూడదు.

పచ్చగా ఉన్నదాన్ని లేపడం పెద్ద విద్య కాదు, కానీ ఓపిక కావాలి. బాగా ఎండిన మట్టిగడ్డ నీటిని వెంటనే పీల్చదు. బిందెడు ఒక్కసారిగా గుమ్మరిస్తే పక్కల నుంచి జారిపోతుంది. సగం నెమ్మదిగా పోసి, ఇంకనిచ్చి, మిగతాది పోయాలి. ఆ తరవాత పైమట్టి ఆరేదాకా ఆగాలి. భయంతో రోజూ నీళ్లు నిలిపితే గాలి ఆడక మిగిలిన వేర్లూ కుళ్లుతాయి. చీనీకైతే నీరు మొదలుకు తగలకుండా లోపల చిన్న కట్ట వేయాలి, లేకుంటే బంక తెగులు పట్టుకుంటుంది. పడమటి ఎండ తగలకుండా తాటాకో కొబ్బరి మట్టో అడ్డం కట్టాలి. పాదులో వేరుశనగ పొట్టు పరచాలి, కాండానికి మాత్రం తగలనీయొద్దు, చెదలు పడతాయి. పూత కనిపిస్తే గిల్లేయాలి. ఎండిన కొమ్మలను చిగుర్లు వచ్చి ఎక్కడిదాకా ప్రాణం ఉందో తేలాకే కత్తిరించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ దశలో యూరియా వేయకూడదు. నీరందని వేరు దగ్గర ఎరువు వేయడం జ్వరంతో లేవలేని మనిషికి విందు వడ్డించడమే.

ఇంకో ప్రమాదం గురించి రైతుకు ఎవరూ చెప్పడం లేదు. బెట్టలో అంటు పైభాగం చచ్చి, కింది వేరుమూలం బతకవచ్చు. అప్పుడు మొదట్లోంచి ఏపుగా చిగుర్లు వస్తాయి. మొక్క తిప్పుకుందని రైతు సంతోషిస్తాడు, అధికారి బతికిందని రాసుకుంటాడు. కానీ అంటు కట్టు కింద నుంచి వచ్చిన చిగురు బంగినపల్లి కాదు, ఏదో టెంక మామిడి. చీనీలో అయితే అది రంగపూర్ నిమ్మ. ఐదారేళ్లు నీళ్లు పోసి పెంచాక తొలి కాపులో గానీ ఆ సంగతి బయటపడదు. ఆ ఏళ్లను ఆ కుటుంబానికి ఎవరు తిరిగిస్తారు? ప్రతి లెక్కింపులోనూ చిగురు కట్టుకు పైనుందా, కిందుందా అని విడిగా రాయించాలి.

ఖర్చు మోయలేమనే మాట నిలవదు. పది మీటర్ల ఎడంతో మామిడి నాటితే ఎకరానికి 40 మొక్కలు. వారానికి మొక్కకు 20 లీటర్లు పోసినా ఒక తడికి 800 లీటర్లే. మార్చి నుంచి జూన్ దాకా 17 వారాలకు 13,600 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు కూడా పూర్తిగా ఖాళీ కావు. మే నెల ఎండలకు తడులు రెట్టింపు చేసినా నాలుగు ట్యాంకర్లు దాటవు. గుంత తవ్వకానికి, మొక్కకు, రవాణాకు పెట్టిన డబ్బంతా ఈ నాలుగు ట్యాంకర్ల దగ్గర పోగొట్టుకుంటున్నాం. ఉపాధి హామీ కింద వేసిన తోటలకు మూడేళ్ల సంరక్షణ ఖర్చు ఇచ్చే ఏర్పాటు లేకపోలేదు. కానీ ఏప్రిల్లో పోయాల్సిన నీటికి ఆగస్టులో బిల్లు చేస్తే మొక్క అంతదాకా ఆగదు. బోరు లేని చిన్న రైతు ట్యాంకరుకు అప్పు తెస్తాడు, లేదా ఆశ వదులుకుంటాడు.

నీళ్లు లేని నేలలో తోటలెందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. ట్యాంకరు వెళ్లే దారి గానీ, అందుబాటులో నీటి ఆధారం గానీ లేని పొలంలో లక్ష్యం కోసం మొక్కలు నాటించడం రైతును మోసగించడమే. అక్కడ నాటొద్దు. కానీ వేరుశనగనే నమ్ముకుని పదేపదే నష్టపోయిన మెట్ట రైతుకు, ఒకసారి వేరు దిగితే వాన తప్పిన ఏడూ నిలబడే చెట్టు నిజమైన అండ. వద్దనాల్సింది తోటను కాదు, గుంతల లక్ష్యాన్ని.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఇప్పుడు పథకం పేరు ఏదైనా, నిధి ఏ ఖాతాలోంచి వచ్చినా, ఈ మార్పు కూడా ఇక్కడే మొదలుకావాలి. ఫిబ్రవరిలోనే నాలుగు నెలల తడుల సొమ్ము రైతు ఖాతాలో పడాలి. మే నెలలో రైతు సేవా కేంద్రం సిబ్బంది తోటతోటకూ వెళ్లి మొక్కలు చూడాలి. బతికినవెన్నో, కట్టు పైన చిగురించినవెన్నో, పోయినవెన్నో గ్రామ సభలో చదివి వినిపించాలి. ఆ లెక్క చెప్పలేని మండలానికి వచ్చే తొలకరిలో కొత్త మొక్కలు మంజూరు చేయకూడదు.