పన్ను ఉంది, పూచీ లేదు

మొన్న ఆదివారం సంగారెడ్డిలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. చాయ్ గ్లాసు చేతికిచ్చి, "నీ మేనల్లుడి లెక్కేమిటో కాస్త చూడరా" అంది.

మావాడు పటాన్‌చెరులో మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. చెల్లెలి పెళ్ళికని అక్కయ్య చిట్టీ పాడి తెచ్చిన రెండు లక్షలూ పట్టుకెళ్ళి క్రిప్టోలో పెట్టాడు.

"ఒక నాణెం మీద లక్ష లాభం, ఇంకొకదాని మీద లక్ష నష్టం. అన్నీ అమ్మేశాను. చెల్లుకు చెల్లు కదా, మామయ్యా!" అన్నాడు ధీమాగా.

చెల్లదు నాయనా! 2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభాలపై నూటికి 30 పన్ను. ఒక నాణెం నష్టాన్ని మరొకదాని లాభంలోంచి తీసివేయనివ్వరు. వచ్చిన లాభం సున్న. కట్టవలసింది సెస్సుతో కలిపి 31,200! అమ్మినప్పుడల్లా నూటికి రూపాయి చొప్పున ముందే పట్టుకున్నది ఉంటే అది ఇందులో జమ.

అక్కయ్య ఊరుకోలేదు. "పన్ను తీసుకుంటున్నారంటే సర్కారు ఒప్పుకున్నట్టే గదా? రేపేదైనా అయితే వాళ్ళే చూసుకోరూ?"

చాలా ఇళ్ళలో ఉన్న భ్రమ ఇదే. 2018లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకుల తలుపులు మూయించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు తెరిపించింది. 2021లో బిల్లు అన్నారు, సభలో పెట్టనేలేదు. పన్ను మాత్రం వచ్చింది. పన్ను వేసినంత మాత్రాన చట్టబద్ధం చేసినట్టు కాదని 2022 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాజ్యసభలోనే చెప్పారు.

"నీ చిట్టీకి 1982 నాటి చట్టముంది, రిజిస్ట్రారున్నాడు. చిట్టీ మొత్తానికి సరిపడా హామీ చూపందే నిర్వాహకుడు మొదలుపెట్టడానికి వీల్లేదు. దీనికి ఆ పూచీ ఏదక్కయ్యా?" అన్నాను.

2023 మార్చి నుండి ఈ సంస్థలు నల్లధనం నిఘా కింద నమోదు కావాలి. అది దొంగసొమ్ము పట్టడానికి; మన సొమ్ము కాయడానికి కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు దొంగలపాలైతే, ఖాతాదారులు తమ నాణేల కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు.

పన్నుకు చాచిన చెయ్యి పూచీకి కూడా చాస్తే బాగుండును. అంతవరకు పెళ్ళి డబ్బుకు ఇది చోటు కాదు.

అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరవాత కొడుకుతో, "ముందా పన్ను కట్టెయ్యి. మిగిలిన 1,68,800 చెల్లి పేర బ్యాంకులో వెయ్యి" అంది.

వాడు తల వంచుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు.