ముంబయి సింఫనీ: ప్రతిభ ఎగుమతి, వాద్యబృందం దిగుమతి

2006లో ముంబయిలో ‘సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా’ ఆవిర్భవించినప్పుడు వేదికపై కూర్చున్న వాద్యకారుల్లో అత్యధికులు విదేశీయులు. కజకిస్తాన్ నుంచి వచ్చినవారే అనేకులు. దేశం పేరు పెట్టుకున్న ఆర్కెస్ట్రాలో దేశీయులే అల్పసంఖ్యాకులు! ఇందుకు దానిని నెలకొల్పిన నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌ను నిందించడం సులభం. కానీ అసలు దోషం అంతకు పూర్వపు డెబ్బై ఏళ్ల ఉపేక్షది.

ఆ నగరానికి వాద్యకారుల కొరత ఎన్నడూ లేదు. మెహ్లీ మెహతా 1935లోనే బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. గోవా చర్చి బడుల్లో స్వరలిపి అభ్యసించిన వయొలిన్ కళాకారులు హిందీ సినిమా రికార్డింగ్ స్టూడియోలను నింపారు. వారిలో ఒకరైన ఆంథోనీ గొన్సాల్వెస్ 1958లో ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నెలకొల్పి, హిందుస్తానీ రాగాలకు సింఫనీ రూపమిచ్చే సాహసం చేశారు.

ఫలితమేమిటి? మెహ్లీ మెహతా దేశం విడిచి, చివరకు లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ యువతకు ఆర్కెస్ట్రాను నిర్మించి ఇచ్చారు. గొన్సాల్వెస్ సైతం 1960లలో అమెరికా బాట పట్టారు. 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’లోని పాట ఆయన పేరును దేశమంతటా మారుమోగించింది. ఆయన ఆర్కెస్ట్రా మాత్రం ఎవరి స్మృతిలోనూ మిగలలేదు.

పాలకులకు తెలిసిన విద్య ఒక్కటే: వెళ్లిపోయినవారికి పతకాలు తొడగడం. మెహ్లీ కుమారుడు జుబిన్ మెహతాకు 2001లో పద్మవిభూషణ్ దక్కింది. ఆయన ఆ గౌరవానికి సర్వథా అర్హులు. అయితే 2013లో శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో ఆయన కచేరీ నిర్వహించినప్పుడు వెంట వచ్చినది జర్మనీకి చెందిన బవేరియా ఆర్కెస్ట్రా. కండక్టర్ బొంబాయి బిడ్డ; బృందం పరాయిది. ఈ దేశపు సంగీత విధానానికి ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కరలేదు.

‘పాశ్చాత్య సంగీతంతో మనకేం పని?’ అనే వాదం ఒకటుంది. వయొలిన్ సైతం పాశ్చాత్య వాద్యమే. 1919లో విజయనగరం సంస్థానం సంగీత కళాశాల తెరిచి, ద్వారం వెంకటస్వామి నాయుడుకు బోధన అప్పగించింది గనుకనే ఆ వాద్యం తెలుగు నేలపై అంతగా వేళ్లూనింది. ఒక చిన్న సంస్థానం చేయగలిగిన పనిని స్వతంత్ర భారతం తన సంపన్న నగరంలో చేయలేకపోయింది.

ఆర్కెస్ట్రా అంటే భవ్యమైన సభామందిరం కాదు. పిల్లవాడి చేతికి వాద్యం, పక్కన గురువు, పెద్దయ్యాక నెలనెలా జీతం. ఈ మూడూ ఇవ్వని రాజ్యానికి ప్రవాస ప్రతిభను చూసి ఛాతీ విరుచుకునే హక్కు లేదు.