ఆదివారం గేటు కాడ

బొంబాయి పోయొచ్చిన కాన్నుంచి వాడకట్టుల అందరూ ఒకటే అడుగుడు: "ఎవర్ని చూసిండ్రు?" సముద్రం చూసిండ్రా, రాణీబాగు చూసిండ్రా అని ఒక్కరు అడగలేదు. షోలాపూర్ నుంచి బొంబాయి పోయినోళ్లు సినిమావాళ్లని చూసి రావాలె, లేకుంటే పోనట్టే లెక్క. అందుకే ఈ నెల ఆ ముచ్చటే రాస్తున్న.

మా చిన్నోడు పదో తరగతి పాసైతే బొంబాయి తీసుకపోత అని మాట ఇచ్చిన. వాని కోరిక ఒక్కటే, అమితాబ్ బచ్చన్‌ను చూడాలె. మా ఆయనకు టవల్ కారఖానాల సెలవు దొరకలేదు. నేనే రెండు రోజులు బీడీల చాట పక్కకు పెట్టి, వాన్ని తీసుకొని శనివారం రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. తెల్లారి దాదర్‌ల దిగి, వర్లీ చాళ్లల ఉండే మా పెద్దబాపు ఇంటికి పోయినం.

పెద్దబాపుకు డెబ్బై దాటినయ్. మోకాళ్లు నొప్పులు. అయినా "మీరిద్దరే పోతే లోకల్ బండ్ల గుంపుల తప్పిపోతరు బిడ్డా, నేనొస్త" అని చెప్పులేసుకున్నడు.

జుహూల 'జల్సా' అనే ఆ ఇంటి ముందర మేం పోయేసరికే జనం. హిందీ మాట్లాడేటోళ్లు, బెంగాలీలు, చిన్న పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నోళ్లు. ఒకాయన బొమ్మ గీసి పటం కట్టించి తెచ్చిండు. పోలీసులు తాడు పట్టుకొని వెనక్కి నూకుతున్నరు. రెండు గంటలు నిలబడ్డం. నా కాళ్లే లాగుతుంటే పెద్దబాపు సంగతి ఏం చెప్పాలె, గోడకు ఆనుకొని ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడ్డడు.

ఐదు దాటినంక గేటు తెరిసిండ్రు. తెల్ల బట్టలు, భుజం మీద శాలువా. లోపల ఎత్తు మీద నిలబడి అందరికీ చేతులు జోడించిండు. కాళ్లకు చెప్పులు లేవు. జనం ముందుకు వచ్చేటప్పుడు చెప్పులు విడిచే వస్తడట. చూసినంత సేపు రెండు నిమిషాలు. మావోని సంబరం చూడాలె, నా చెయ్యి గుంజి గుంజి ఎర్రగ చేసిండు.

"తాతా, ఎన్నో ఏండ్ల సంది ప్రతి ఆదివారం ఇట్లనే వస్తడట. 1982 నుంచి అట. 'కూలీ' షూటింగుల దెబ్బ తగిలి చావు దాకా పోయిండు గదా, అప్పటినుంచి" అన్నడు వాడు.

"ఎనభై రెండా?" అని పెద్దబాపు ఇంకేం మాట్లాడలేదు. పార్లే స్టేషన్‌ల బండి ఎక్కి కూసున్నంక తానే ఎత్తుకున్నడు.

"అప్పుడు నేను కూడ పోయిన బిడ్డా, దవాఖాన కాడికి. బెంగళూరుల దెబ్బ తగిలితే ఈడికి బ్రీచ్ కాండీకి తెచ్చిండ్రు. వర్లీ నుంచి నడుసుకుంట పోయి రోడ్డు మీద నిలబడి దండం పెట్టిన. రోజూ పోయిన. నాకేం పనుండె? జనవరి 18 నాడు సమ్మె మొదలైంది, మిల్లు బందు. డాక్టర్ దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మందిమి. మీ నానమ్మ పుస్తె కుదువ పెట్టి బియ్యం తెస్తుంటే, నేను ఆయన బతకాలని మొక్కుతున్న."

"మరి మిల్లు కాడ నిలబడలేదా తాతా?"

"ఎందుకు నిలబడలే? పొద్దున మిల్లు గేటు, పగటీలి దవాఖాన. ఆయన బతికిండు, మంచిగయ్యింది. మా గేటు మాత్రం తెరవలే."

నాకు తెలిసిన సంగతే, చిన్నప్పటి సంది ఇంట్ల విన్నదే. ఆ సమ్మె అయిపోయిందని ఇప్పటిదాక ఎవ్వరూ ప్రకటించలేదు. కాని ఈ రెండు సంగతులు ఒక్క ఏడాదే జరిగినయని నేను ఎన్నడూ కలిపి చూడలే. పెద్దబాపు 'కూలీ' సినిమా కూడ చూసిండట, 1983ల. "ఆయనకు దెబ్బ తగిలిన కాడ బొమ్మ ఆపి, ఇగో ఈడనే తగిలింది అని రాసి చూపెట్టిండ్రు బిడ్డా. టాకీసంత ఏడిసింది. నేనూ ఏడిసిన."

లోయర్ పరేల్ స్టేషన్ రాంగనే మావోడు లేచి "తాతా, నీ మిల్లు చూపెట్టు" అన్నడు. పెద్దబాపు వద్దన్నడు. వాడు వినలే.

మిల్లు లేదు, మాల్ ఉంది. లోపలికి పోయేటప్పుడు కావలివాడు పెద్దబాపు సంచి తెరిచి చూసిండు. "అప్పుడు బయటికి వచ్చేటప్పుడు చూసెటోళ్లు, నూలు కండె ఏమన్న తీస్కపోతున్నమా అని. ఇప్పుడు లోపలికి పోయేటప్పుడే చూస్తున్నరు" అని నవ్విండు. బూట్ల దుకాణం ముందర ఆగి "నా సాంచెలు ఈ దిక్కునే ఉండె, రెండు. ఈడ నిలబడితే భోంగా చెవుల్ల గుయ్యిమనేది" అని చెప్తుండంగనే, అవుతల గుంపు ఉరికింది. ఎవరో సీరియల్ నటి వచ్చిందట. మావోడు కూడ ఉరికిండు. రొప్పుకుంట వాపస్ వచ్చి "ఎవరో తెల్వదమ్మా, కాని ఫోటో తీసిన" అన్నడు. ముగ్గురం నవ్వినం.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే అమితాబ్‌వి ఇరవై రెండు ఫోటోలు, ఆ పేరు తెల్వని ఆమెవి నాలుగు. పెద్దబాపు తన సాంచెల జాగల నిలబడ్డ ఫోటో ఒక్కటి లేదు. తప్పు పిల్లోనిది కాదు. ఫోన్ నా చేతుల కూడ ఉండె.

బొంబాయి పోయేటోళ్లు పోండ్రి, చూడుండ్రి. ఆదివారం సాయంత్రమే పోవాలె, అయినా వస్తడన్న గ్యారంటీ లేదు, జేబులు భద్రం. కాని మీ ఇంట్ల మిల్లుల చేసిన పెద్దమనిషి ఉంటే ఆయన్ను కూడ తీసుకపోండ్రి, ఆయన గేటు కాడ కూడ పది నిమిషాలు ఆగుండ్రి. ఇంకొక మాట. మిల్లు కార్మికులకు మ్హాడా లాటరీల ఇండ్లు ఇస్తుంది గదా, దానికి పని చేసినట్టు రుజువు కావాలె. పాత మిల్లు కార్డు, పీఎఫ్ చీటి రేకుపెట్టె అడుగున ఉంటే చెదలు పట్టనియ్యకుండ్రి.

పెద్దబాపు కార్డు ఇంకా ఉంది. దాని మీద ఆయన ముప్పై ఏండ్లప్పటి ఫోటో ఉంది. దీపావళికి మళ్లా పోతం. ఈసారి మావోడు ముందుగాల లోయర్ పరేల్‌ల దిగుదమంటున్నడు.