రాణుల పందెము, రసికుల తగవు

తాము ప్రేమించిన కళను తామే తప్పుపట్టువారు ఆ కళకు ద్రోహులని యొక వాదము అమెరికాదేశమున కొంతకాలముగా వినవచ్చుచున్నది. ఆ వాదమునకు ఆస్పదమైనది 'రుపాల్స్ డ్రాగ్ రేస్' అను టెలివిజన్ పోటీ. 2009 ఫిబ్రవరిలో లోగో అను చిన్న ఛానలులో పుట్టి, 2017లో వి.హెచ్.1కును, 2023లో ఎం.టి.వి.కిని మారి, 2025లో పదునేడవ సీజనును ముగించిన కార్యక్రమమిది. ఇన్నేండ్లు విడువక చూచినవారే నేడు దీనిని విడువక విమర్శించుచున్నారు. వారిని నోరుమూసికొనుమనువారికి మా సమాధానమొకటి గలదు. ఆ విమర్శకులలో దారితప్పినవారికిని చెప్పవలసిన మాట యొకటి గలదు.

డ్రాగ్ అనగా నేమో యెరుగని పాఠకులకు రెండు మాటలు. పురుషులు స్త్రీవేషము దాల్చి ఆడుట, పాడుట, పరిహసించుట దాని ప్రసిద్ధరూపము. ఇప్పుడు స్త్రీలును ట్రాన్స్‌జెండర్ కళాకారులును అందు గలరు. వేషధారులను రాణులందురు. పోటీలో వారమునకొక పరీక్ష యుండును. వెనుకబడిన ఇరువురు ఒక పాటకు పెదవులు కదుపుచు అభినయింపవలెను. ఓడినవారు ఇంటిదారి పట్టవలెను. స్థానం నరసింహారావుగారి సత్యభామను, వేదాంతం సత్యనారాయణశర్మగారి భామాకలాపమును కథలుగా విన్న మనకు స్త్రీవేషము క్రొత్తది కాదు. కాని అందు నటుడు మరుగుపడి సత్యభామయే మిగులును. డ్రాగునందో, వేషమును వేషధారియు ఒక్కమారే కనబడుచుండవలెను. ఆ రెంటి నడుమ నున్న యెడమే అక్కడి నవ్వునకు పుట్టినిల్లు. అయినను ఒక్క విషయమున ఇచ్చటి ప్రేక్షకుడును అచ్చటి ప్రేక్షకుడును సోదరులు. మన నాటకశాలలో 'వన్స్ మోర్' అని కేకవేసినవాడే శ్రుతితప్పిన పద్యమునకు ఈలయు వేసెను. వానిని కళాద్రోహి యని యెవరైన నిందించిరా?

ఇక అభిమానుల ఫిర్యాదులేమి? మొదటిది, అజీర్ణము. 2009లో సంవత్సరమునకొక పోటీ. తరువాత పూర్వపు రాణులతో 'ఆల్ స్టార్స్', పిమ్మట థాయిలాండు, బ్రిటను, కెనడా, హాలెండు, స్పెయిను, ఇటలీ, ఫ్రాన్సు, ఫిలిప్పీన్సు. 2023 ఒక్క సంవత్సరముననే బెల్జియము, స్వీడను, మెక్సికో, బ్రెజిలు, జర్మనీ దేశములలో ఐదు క్రొత్త శాఖలు వెలసినవి. ఏ రాణి యే దేశమున గెలిచెనో చెప్పుటకు అభిమానులకే జంత్రి కావలసివచ్చినది. విందు మంచిదే, విస్తరి యెత్తకుండగనే మరల వడ్డించినచో ఆకలిగొన్నవాడును లేచిపోవును.

రెండవది, తీర్పు. తుదినిర్ణయము తనదే యని రుపాల్ గారు ప్రతి భాగమునను నిస్సంకోచముగ ప్రకటింతురు. మంచిది, ఆయన పేరిట వెలసిన పోటీ, ఆయన నిర్ణయము. కాని ఆ నిర్ణయము రంగముపై చూపిన ప్రతిభను బట్టి జరుగుచున్నదా, వచ్చు వారపు కథకు ఎవరి కలహము పనికివచ్చునో దానిని బట్టి జరుగుచున్నదా యని అభిమానులు ప్రశ్నించుచున్నారు. 2018లో ఆల్ స్టార్స్ మూడవ సీజను తుదిఘట్టమున తుదిద్వంద్వమున నిలుచు ఇరువురి యెంపిక భారమును అంతకుముందే ఓడి వెడలిన రాణులపై మోపిరి. ఓడినవారు ఓడించినవారికి తీర్పు చెప్పుట! సీజను పొడుగునను రాణించినదని జనులు తలచిన రాణి ఆ వోట్లతో తుదిద్వంద్వమునకే దూరమయ్యెను. నియమమును ముందుగా ప్రకటింపక ఆట ముగియబోవునపుడు మార్చుట యే పందెమునందైనను న్యాయమగునా?

మూడవది మాకు అన్నింటికంటె గురుతరముగ దోచుచున్నది. మొదటి సీజను బహుమతి 20,000 డాలర్లు. 2023 నాటి పదునైదవ సీజనునకు అది 200,000 డాలర్లు. పదిరెట్లు పెరిగినది, సంతోషము. కాని గెలుచునది ఒక్కరు. ఓడువారు పన్నిద్దరో పదుముగ్గురో. వారమువారము ధరింపవలసిన కొంగ్రొత్త వస్త్రములు, కృత్రిమకేశములు, ఆభరణములు పోటీదారులే తెచ్చుకొనవలయును. అందులకై అప్పులు చేసితిమని పలువురు రాణులు బహిరంగముగనే చెప్పియున్నారు. తొలిదినములలో చేతికుట్టుతో, జిగురుసీసాతో నెగ్గుకొనివచ్చిన కళ యిది. నేడు పేరుమోసిన దుస్తులశిల్పికి సొమ్ము చెల్లింపగలిగినవారు ఒక మెట్టు పైననే నిలిచి పోటీలో ప్రవేశించుచున్నారు. చిన్న ఊరి మధుపానశాలలో రాత్రికి కొన్ని డాలర్ల కానుకలకై ఆడు రాణి యిందెట్లు నిలువగలదు? 2018 మొదలు 2021 వరకు వరుసగ నాలుగు మారులును, 2023 సంవత్సరమునకు మరల ఒకమారును ఉత్తమపోటీ యని ఎమ్మీ బహుమానము గొన్న కార్యక్రమమిది. ఆ కీర్తికి పెట్టుబడి యెవరి జేబునుండి వచ్చుచున్నది?

ఇట్టి ప్రశ్నలడిగినవారికి వచ్చిన బదులు వినుడు. 'కృతఘ్నులారా! ఈ కార్యక్రమము లేకున్న మీ రాణుల నెవరెరుగుదురు? 2023 మార్చిలో టెన్నెసీ రాష్ట్రమువారు డ్రాగ్ ప్రదర్శనలనే కట్టడిచేయ శాసనము చేసిరి. శత్రువు వాకిట నిలిచినపుడు ఇంటిలో కలహమా?' ఈ కడపటి మాట మా చెవికి క్రొత్త గాదు. ఏ ఉద్యమమునందైనను పెద్దపీటపై గూర్చున్నవారు క్రిందివారి నోరు మూయుటకు మొదట తీయు ఆయుధమిదియే. ఆ శాసనము అన్యాయమైనదే. దానిపై న్యాయస్థానములలో పోరును నడచినది. అయినంతమాత్రమున నిర్మాతల లెక్కపుస్తకమునకు పరీక్షయే యక్కరలేదా?

చరిత్ర చూతము. బానిసగా పుట్టిన విలియం డార్సీ స్వాన్ అను నల్లజాతీయుడు వాషింగ్టను నగరమున స్త్రీవేషధారుల నృత్యసభలు నడపి, 1888లో పోలీసుల కెదురునిలిచి పట్టుబడెను. 1896లో శిక్షపడగా అధ్యక్షుడు క్లీవ్‌లండునకు క్షమాభిక్ష యర్జీ పెట్టెను, అధ్యక్షుడు నిరాకరించెను. శత్రువు వాకిటనే నిలిచిన కాలమది. 1967లో న్యూయార్కున జరిగిన వేషధారుల సౌందర్యపోటీలో క్రిస్టల్ లబేజా అను నల్లరాణి తీర్పు పక్షపాతముతో గూడినదని నిండుసభలో నిరసించి రంగము విడిచెను. 1968లో వెలువడిన 'ది క్వీన్' అను చిత్రమున నేటికిని ఆ ఘట్టము చూడవచ్చును. ఆమె ఊరకుండలేదు. కొలది సంవత్సరములకే తన పేరిట లబేజా గృహమును నెలకొల్పెను; నల్లరాణులు నల్లరాణులకై నడుపుకొను సభలు వర్ధిల్లెను. ఆ సభల నుడికారమే నేడు డ్రాగ్ రేసునకు సగము నిఘంటువు. తీర్పును ప్రశ్నించినందున కళ చచ్చినదా? ఒక కొమ్మ తొడిగినది.

ఇంకొక విచిత్రము మనవి చేయుదుము. ఆ సభలలో పుట్టిన విద్య యొకటి గలదు. పేరు 'రీడింగ్', అనగా చదువుట. ఎదుటివారి లోపములను చమత్కారముగ, నిర్దాక్షిణ్యముగ చదివి చెప్పుట. రుపాల్ గారి పోటీలో ఇంచుమించు ప్రతి సీజనునను ఈ విద్యకొక పరీక్ష గలదు. గ్రంథాలయము తెరచితిమని ప్రకటించి, రాణులకు కండ్లద్దములు తొడిగి, ఒకరినొకరు చదువుడందురు. ప్రతిదినము గ్రంథాలయమున కూర్చుండు మన పాఠకులకు ఇది ముచ్చటగ నుండును. కాని ఆ గ్రంథాలయమున ఒక్క పుస్తకము మాత్రము బీరువాలో తాళమువేసి యున్నది. అది యజమాని పుస్తకము. అభిమానులు దానిని తీసి చదువబోగా కృతఘ్నులని కేకలు!

ఇంతవరకు మేము అభిమానుల పక్షము. ఇక వారిలో ఒక వర్గముతో మాకు తగవు గలదు. అది చిన్న తగవు గాదు.

2018లో పదవ సీజనున ది విక్సెన్ అను నల్లరాణి పాల్గొనెను. సూటిగ మాటలాడునది, వివాదమునకు వెనుదీయనిది. తెల్లజాతి రాణి యొకతె కంటతడి పెట్టగా, ఈ కన్నీటితో నన్ను కోపిష్ఠియగు నల్లస్త్రీగ, నిన్ను బెదరిన పిల్లగ లోకము చూచునని ఆమె అక్కడనే, కెమెరా యెదుటనే హెచ్చరించెను. హెచ్చరించినట్లే జరిగినది. అభిమానులమని చెప్పుకొనువారు ఆమెపై దూషణలు కురిపించిరి. సీజను కడపటి సమావేశమున ఆ దోషమునంతయు ఆమెనే వివరింపుమనగా ఆమె లేచిపోయెను. ఆమెను విడిచిపెట్టితిరని రుపాల్ గారినే నిలదీసినది తోడి నల్లరాణి ఏషియా ఓహారా. ఈ యొక్క సీజనే కాదు. నల్లరాణులకు ద్వేషపూరితమైన ఉత్తరములు, బెదరింపులు వచ్చుట ఆ కార్యక్రమమున తరచు వినబడు మాటయై పోయినది.

ఓ అభిమానులారా! కలహమును పెంచి చూపినదెవరు? గంటలకొలది చిత్రములో నుండి ఏ నిముషము నిలుపవలెనో, ఏ నిముషము కత్తిరింపవలెనో నిర్ణయించినదెవరు? ఏ కన్నీటిచుక్కకు ఏ వాద్యము జోడింపవలెనో తెలిసినదెవరు? ఆ పని చేసినవారు కూర్పుగదిలో సురక్షితముగ నున్నారు. మీరో, అప్పుచేసి వస్త్రములు కుట్టించుకొని వచ్చి, ఓడి, ఇంటికి బోయిన యొక యాడువారిపై రాళ్లు రువ్వుచున్నారు. ఇది విమర్శయా? ఎలుకను పట్టలేక మద్దెలను చించిన పిల్లివలె నున్నది మీ పౌరుషము.

గురి సరిగ పెట్టినపుడు జరిగినదేమో వారికే తెలియును. ట్రాన్స్ స్త్రీలను కించపరచు మాటతో గూడిన పలకరింపు ఆ కార్యక్రమమున వారమువారము వినబడుచుండెడిది. 2014లో నిరసన చెలరేగగా తొలగించిరి. 2018 మార్చిలో రుపాల్ గారు శరీరపరివర్తన చేసికొన్న ట్రాన్స్ స్త్రీలను పోటీకి చేర్చుకొనుట సందేహమని పలికి, ఔషధములు సేవించిన క్రీడాకారులతో పోల్చగా, అభిమానులును పూర్వరాణులును ఊరకుండలేదు. ఆయన క్షమాపణ చెప్పిరి. 2021లో గాట్‌మిక్ అను ట్రాన్స్ పురుషుడు పోటీలో ప్రవేశించెను. ఆ సంవత్సరమే ఆల్ స్టార్స్ ఆరవ సీజనున కైలీ సోనిక్ లవ్ గెలిచి, అమెరికా పోటీలో విజయమందిన మొదటి ట్రాన్స్ స్త్రీ యయ్యెను. 2023లో ఎం.టి.వి.వారు తొంబది నిముషముల కార్యక్రమమును ప్రకటనలతో గూడ గంటకు కుదించి, దాని వెనుకనే మరియొక క్రొత్త కార్యక్రమమును నిలిపిరి. అభిమానులు గోలచేసిరి. మార్చిలో తొంబది నిముషములు తిరిగి వచ్చినవి. ఈ మూడు సందర్భములందును బాణము యజమాని ద్వారమునకు తగిలినది గాని, ఏ రాణి గుండెకును తగులలేదు.

కావున మేము అడుగునది స్పష్టము. నిర్మాతలగు వరల్డ్ ఆఫ్ వండర్ వారు ప్రవేశించు ప్రతి రాణికిని వస్త్రవ్యయము సమానముగ నీయవలయును. అంతకుమించి వెచ్చింపరాదని కట్టడి చేయవలయును. విజేతను నిర్ణయించు విధమును మొదటి భాగముననే చెప్పవలయును. దూషణకు గురియైన పోటీదారుని పక్షమున సీజను ముగిసిన పిదప గాక, దూషణ వచ్చిన నాడే సంస్థ పేరిట మాటలాడవలయును. అభిమానులు ఉత్తరములు వ్రాయనిండు, గోలచేయనిండు, చందా మానుకొననిండు. పైవిలాసము మాత్రము ఆ సంస్థది వ్రాయవలయును. ఓడి యింటికి బోయిన రాణిది కాదు.