మండలానికో టెలిస్కోప్ కావాలి

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో తరగతి గోడలకు పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. మంచిదే. పిల్లలు తాము స్వయంగా తీసిన ఆకాశాన్ని ఆ తెరల మీద చూడాలని నా కోరిక. అనంతపురం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. ఇప్పుడు సీస్టార్ ఎస్50 అనే చిన్న స్మార్ట్ టెలిస్కోప్ పట్టుకుని ఊళ్ల బడులకు తిరుగుతున్నాను.

బరువు రెండున్నర కిలోలు. కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లు. ధర ఓ మోస్తరు ల్యాప్‌టాప్ అంత. కన్ను ఆనించి చూసే పని లేదు. లోపలి కెమెరా తీసింది ఫోన్‌లోకి వస్తుంది. తీసిన ఫొటోలోని చుక్కల అమరికను తన దగ్గరున్న పటంతో పోల్చుకుని, ఎటు తిరగాలో అదే తేల్చుకుంటుంది.

"నాసా ఫొటోలు ఇంతకన్నా బాగుంటాయి కదా మాస్టారూ" అంటారు తోటి ఉపాధ్యాయులు. బాగుంటాయి. కానీ అవి ఎలా తయారయ్యాయో పిల్లలు చూడలేదు. ఒరాయన్ నెబ్యులా మన నుంచి సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. దాని మొదటి పది సెకన్ల ఫొటోలో గరుకుగా ఓ మసక కనిపిస్తుంది. దాని మీద రెండోది, మూడోది పేరుస్తూ పోతుంది యంత్రం. వెలుగు ఫొటోల సంఖ్యతో సమానంగా పెరుగుతుంది. గరుకు మాత్రం ఆ సంఖ్య వర్గమూలం మేరకే. అంటే నూరు ఫొటోలు పేర్చితే బొమ్మ పదింతలు తేటపడుతుంది. వర్గమూలం దేనికి పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇంత మంచి జవాబు నా సర్వీసులో దొరకలేదు. బొమ్మ అంచులు రంపపు పళ్లలా ఉన్నాయేమిటని ఓ తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. భూమి తిరుగుతున్న కొద్దీ చుక్కలు ఫ్రేములో మెల్లగా తిరుగుతాయి, ఫొటోలు ఒకదానిమీదొకటి కాస్త వాలుగా పడతాయి. భూభ్రమణానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

శని వలయాలకు మాత్రం ఇది చాలదు. 250 మిల్లీమీటర్ల నాభ్యంతరంలో శని చిన్న చుక్కే. దానికి అద్దాల టెలిస్కోపే మేలు. అయితే దీనితో వచ్చే సౌర ఫిల్టర్ తగిలిస్తే పట్టపగలు, బడి వేళల్లోనే సూర్యుడి మచ్చలు చూడొచ్చు. ఫిల్టర్ లేకుండా ఎన్నడూ సూర్యుడి వైపు తిప్పకూడదు. మచ్చలు రోజూ గీసుకుంటే సూర్యుడూ తన చుట్టూ తాను తిరుగుతాడని పిల్లలే కనిపెడతారు.

1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంతింట్లో వేధశాల పెట్టుకున్నారు, ఆయన జమీందారు. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీకి మూలపురుషుడు నవాబ్ జఫర్ జంగ్. ఆ స్తోమత ఇప్పుడు అక్కర్లేదు. మండల వనరుల కేంద్రానికి ఒకటి కొనిస్తే చాలు, వారానికో బడి చొప్పున తిప్పుకోవచ్చు.

ఒక్క షరతు. పాడైతే బాధ్యత ఉపాధ్యాయుడి మీద పడకూడదు. నేను పనిచేసిన చోట మంచి మైక్రోస్కోపులు బీరువాలోనే ఉండిపోయాయి, పగిలితే ఎవరు కడతారన్న భయంతో. మరమ్మతుకు ఏటా కొంత సొమ్ము కేటాయించి, ఆ సంగతి కొనుగోలు ఉత్తర్వులోనే రాయాలి. మా సీమలో డిసెంబరు నుంచి మార్చి దాకా రాత్రులు తేటగా ఉంటాయి. దసరా సెలవుల్లోగా మండలానికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇస్తే ఈ చలికాలమే మొదలుపెట్టొచ్చు.